కూల్‌డ్రింక్ సీసాల యాసిడ్

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల ఒక మెసేజ్ వచ్చింది. బాత్రూం టైల్స్ మీద తెల్లమరకలు పోవాలంటే ఒక గ్లాసు యాసిడ్, రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్, కొంచెం సర్ఫ్ కలిపి రాయండి, పది నిమిషాల్ల అద్దం లెక్క మెరుస్తది అని. కింద మూడు దండాల బొమ్మలు. గంట తిరగకముందే పదకొండు మంది బొటనవేలు బొమ్మ పెట్టిండ్రు, అండ్ల ఇద్దరు సైన్స్ సార్లు, ఒకాయన మెడికల్ రెప్పు. నేను "ఇది చేయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తది" అని పెడితే మూడో ఫ్లోర్ పెద్దమనిషి ఒకాయన "మేము ఇరవై ఏండ్ల సంది ఇట్లనే కడుగుతున్నం, మాకేం కాలే" అని రాసిండు. ఆయనకు పద్నాలుగు బొటనవేళ్ళు పడ్డయి. నాకు రెండు, అండ్ల ఒకటి మా ఇంటామెది.

గ్రూపుల కొట్లాట ఎందుకని ఊకున్న. అసలు సంగతి ఏందంటే, నేను గూడ ఒకసారి గదే పని చేసిన, గా పదకొండు మందికి నాకు పెద్ద తేడా ఏం లేదు. ఆ తర్వాత మా మామకు ఇంకోటి జరిగింది. రెండిట్ల యాసిడ్ ఒకటే, తప్పు మాత్రం వేరే వేరే అనుకునేటోన్ని. ఇప్పుడు రెండూ ఒకటే తప్పు అనిపిస్తున్నది. గది చెప్పుదామనే ఇది రాస్తున్న, జర పొడుగైతది.

వరద పోయినంక

2023 జూలై ఆఖరున మన దగ్గర పడ్డ వానలు ఇక్కడోళ్లకు మళ్ల చెప్పనక్కర్లే. మేము అప్పుడు హన్మకొండల నయీంనగర్ నాలాకు దగ్గర్ల కింది పోర్షన్‌ల కిరాయికి ఉండేది. నీళ్ళు పోయినంక ఇంట్ల జానెడు బురద, బాత్రూం అయితే చూడబుద్ధి కాలే. మున్సిపాలిటోళ్ళు బ్లీచింగ్ పౌడర్ ఇచ్చిపోయిండ్రు. చేతికి దొరికినంత చల్లిన. కంపు పోలే. అటక మీద పాత యాసిడ్ సీసా ఉండె, లీటరున్నర కూల్‌డ్రింక్ సీసా, సగం నిండ. ఎందుకన్న మంచిదని దాన్ని గూడ ఆ బ్లీచింగ్ మీదనే పోసి, గొంతుకూసోని బ్రష్షుతోని రుద్దబట్టిన.

పొగ లెక్క పెద్దగ ఏం కనపడలే. ఈత కొట్టే స్విమ్మింగ్ పూల్ వాసన ఉంటది చూడండి, దాన్ని వంద రెట్లు చేసి ముక్కుల గుచ్చినట్టయింది. తర్వాత గొంతు మూసుకపోయింది. దగ్గు గూడ వస్తలేదు, దగ్గుదామంటే గాలి ఉండాలె గదా. లేసి తలుపు కోసం చూస్తే కండ్లు తెరుచుకుంటలేవు. నాలుగు ఫీట్లు ఆరు ఫీట్ల బాత్రూంల నాకు తలుపు దొరకలే అంటే నమ్ముతరా? బయటికొచ్చి గద్దె మీద కూసున్నంక ముక్కు నుంచి, కండ్ల నుంచి నీళ్ళు. వారం రోజులు మెట్లెక్కితే పిల్లికూతలు. నా అదృష్టం అది పాత యాసిడ్, సగం పస పోయి ఉంటది.

తర్వాత చదువుకుంటే తెలిసింది, నేను ఇంట్ల తయారు చేసింది యుద్ధంల వాడిన గ్యాసే అని. మొదటి ప్రపంచ యుద్ధంల, 1915 ఏప్రిల్ 22 నాడు బెల్జియంల ఈప్ర అనే ఊరి దగ్గర జర్మనీ సైన్యం సిలిండర్లు తెరిచి వదిలింది ఇదే క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ల క్లోరిన్ కట్టేసి ఉంటది, యాసిడ్ పడంగనే కట్టు తెగి ఒక్కసారి బయటికొస్తది. గాలి కంటె సుమారు రెండున్నర రెట్లు బరువు, అందుకని పైకి పోదు, నేల మీదనే పరుచుకుంటది. మనం బాత్రూం ఎట్ల కడుగుతం? గొంతుకూసోని, ముక్కు నేలకు మూరెడు దూరంల పెట్టి. అమెరికాల పనిస్థలాల లెక్క ప్రకారం గాలిల పది లక్షల వంతులకు 10 వంతుల క్లోరిన్ ఉంటేనే ప్రాణానికి తక్షణ ప్రమాదం కింద రాసుకున్నరు. మూసిన బాత్రూంల గా మాత్రం రావడానికి గ్లాసెడు యాసిడ్ గూడ అక్కర్లే.

ఇంకో సంగతి డాక్టర్ చెప్పిండు. క్లోరిన్ మస్తుగ పీల్చినోళ్ళకు అప్పటికి తగ్గినట్టు అనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తులల్ల నీరు చేరొచ్చట. "ఏం కాలే, మంచిగనే ఉన్న" అని పండుకునుడు కాదు, ఆయాసం గానీ ఛాతీ పట్టేసినట్టు గానీ ఉంటే అదే రోజు పోయి చూపించుకోవాలె. నేను పోయింది మూడో రోజు.

ఇరవై ఏండ్ల సంది ఏం కాలే అన్న పెద్దమనిషికి ఏం చెప్తం? ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కిటికీ పెద్దగుంటది, బ్లీచింగ్ డబ్బా మూత లేక పాతబడి దాంట్ల క్లోరిన్ ఎప్పుడో పోయి ఉంటది, యాసిడ్ల నీళ్ళు కలిసి ఉంటయి. ఇవన్ని కలిసొచ్చి బతికిండు. ఒక్కరోజు కొత్త బ్లీచింగ్, కొత్త యాసిడ్, చలికాలం మూసిన కిటికీ మూడూ ఒక్కచోట కలిస్తే ఆయన ఇరవై ఏండ్ల అనుభవం ఏం పనికొస్తది.

అసలు ఎందుకు కొంటం

యాసిడ్ కొనేటోళ్ళందరు తెలివిలేనోళ్ళు అని నేను అంటలే. మన బోరు నీళ్ళ సంగతి మనకెరుకే. గీజర్ విప్పితే లోపల సున్నం గడ్డలు, కుళాయి చుట్టు తెల్లటి పెచ్చు, బకెట్ లోపల గీకితే గోరు అరిగే పొర. అది నిజంగ సున్నపు పొరనే, కాల్షియం కార్బనేట్. సబ్బుతోని పోదు, సర్ఫుతోని పోదు. యాసిడ్ పోస్తే బుసబుస పొంగి కరుగుతది. ఆ పొంగు చూస్తే మనసుకు ఒక తృప్తి, ఏదో పని అయితున్నట్టు. కంపెనీ టాయిలెట్ క్లీనర్లల్ల ఇదే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పది శాతం దరిదాపుల్ల ఉంటది, చిక్కగ, రంగు వేసి, వంకర మెడ సీసాల. ఫ్యాక్టరీలకు పోయే యాసిడ్ ముప్పై నుంచి ముప్పైమూడు శాతం. ఇనుము తుప్పు తీసేదానికి, రసాయనాల తయారీకి వాడేది. బండి మీద అమ్మేది ఆ పెద్ద క్యాన్లల్ల నుంచి పోసిందే, అండ్ల ఎన్ని నీళ్ళు కలిపిండ్రో కలిపినోనికే ఎరుక.

బతుకమ్మ ముంగట ఇల్లు కడిగే రోజులల్ల మా సందుల పొద్దుగాల ఆరింటి నుంచి "యాసిడ్... ఫినాయిల్..." అని మోపెడ్ తిరుగుతనే ఉంటది. చౌక, పని తొందరగ అయితది, అడిగితే ఇంటి ముంగటికే వస్తది. పది ఇండ్లల్ల బాత్రూంలు కడిగి బతికే ఆమెకు పోయి "అమ్మా, వంద రూపాయల క్లీనర్ కొను" అని చెప్పుడు అన్యాయం. ఆ ఖర్చు ఆమె పెట్టుకోదు, పెట్టుకోవాల్సింది మనం. మనం పెట్టం.

ఒక మాట మాత్రం చెప్తా, టైల్స్ నడుమ సందులల్ల ఉండే తెల్ల సిమెంటును గూడ యాసిడ్ తింటది. మా కింది ఫ్లోర్ సారు సీలింగు చెమ్మ పట్టిందని సంవత్సరం పొడుగున నాతోని కొట్లాడిండు, ప్లంబర్ వచ్చి చూసి "సందులు మొత్తం ఖాళీ ఉన్నయి సార్, యాసిడ్ పోస్తున్నరా?" అని అడిగేదాక నాకు తెల్వలే. ఎనిమిది వేలు అయినయి. చౌక యాసిడ్.

ఏ యాసిడ్?

ఇగ మామ సంగతి. మా మేనమామకు అరవై దాటినయి, ఊర్ల వ్యవసాయం. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మోళ్ళింట్ల అందరు జమయినం. పొద్దుగాల మా పిన్ని బాత్రూం కడిగి, మిగిలిన యాసిడ్ సీసాను మోటర్ స్విచ్ పక్కన గూట్ల పెట్టింది. అర లీటర్ వాటర్ బాటిల్. అదే గూట్ల పిల్లలు తాగి పెట్టిన వాటర్ బాటిళ్ళు ఇంకో నాలుగు. సాయంత్రం కరెంటు పోయింది. మామ అప్పుడే సైకిల్ మోటర్ దిగి వచ్చిండు, దూపకు గూట్ల చెయ్యి పెట్టి ఒకటి తీసి గటగటా పోసుకున్నడు.

వాసన రాదా అని అందరు అడుగుతరు. వస్తది. సీసా నోట్లకు వంచినంక వస్తది, అప్పటికే గుటక దిగింది. సగం ఉమ్మిండు, సగం పోయింది.

అప్పుడు ఇంట్ల జరిగింది చెప్పాలె, ఎందుకంటే ప్రతి ఇంట్ల ఇదే జరుగుతది. అత్తమ్మ ఉప్పునీళ్ళు కలుపుకొని ఉరికొచ్చింది, వాంతి చేపిద్దామని. ఒకాయన చింతపండు అన్నడు, ఒకామె వంటసోడా అన్నది, విరుగుడు అయితదట. మా చిన్నమ్మ బిడ్డ నర్సింగ్ చదువుతది, ఇరవై ఏండ్ల పిల్ల, ఎప్పుడు నోరు మెదపనిది, ఉప్పునీళ్ళ గ్లాసు అత్తమ్మ చేతుల నుంచి గుంజుకొని పారబోసింది. "పోయేటప్పుడు ఒకసారి కాలింది, వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుతది అత్తమ్మా, ఊపిరితిత్తులల్లకు గూడ పోతది" అని మొత్తుకున్నది. వంటసోడా పోస్తే యాసిడ్‌తోని కలిసి లోపలనే గ్యాసు, వేడి పుడుతది, కాలిన కడుపు ఇంక ఉబ్బుతది. నోరు మాత్రం నీళ్ళతోని పుక్కిలించి ఉమ్మిపిచ్చింది, ఇంకేం మింగనియ్యలే, ఆ సీసాను కవర్ల పెట్టి చేతవట్టుకొని ఆటో ఎక్కింది. మేమందరం ఏడుస్తున్నం, ఆ పిల్ల ఒక్కతే పని చేసింది.

ఆసుపత్రిల డ్యూటీ డాక్టర్ మొదటి మాట, "ఏం తాగిండు?" యాసిడ్ సార్. "ఏ యాసిడ్?"

ఎవ్వరం మాట్లాడలే. బాత్రూం యాసిడ్ అన్నం. అది సల్ఫ్యూరికా, హైడ్రోక్లోరికా, ఎంత గాఢత? మా చెల్లె కవర్ల నుంచి సీసా తీసి ఇచ్చింది. డాక్టర్ తిప్పి తిప్పి చూసిండు. దాని మీద ఉన్నది హిమాలయాల బొమ్మ, ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే తిండి లైసెన్సు నంబరు, ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అని అక్షరాలు. మూత తీసి దూరం నుంచే వాసన చూసి హెచ్‌సీఎల్, అంటే హైడ్రోక్లోరిక్ అయి ఉంటది అని రాసుకున్నడు. అయి ఉంటది!

మామకు తెల్లారే ఎండోస్కోపీ చేసిండ్రు. గొంతు కంటె కడుపు ఎక్కువ కాలింది. యాసిడ్‌ది అదో పద్ధతి, గొట్టంల తొందరగ జారిపోయి కడుపు అడుగున, పేగుల్లకు పోయే ద్వారం కాడ నిలబడి కాలుస్తది. పది రోజులకు ఇంటికొచ్చిండు, గంజి తాగిండు, తర్వాత మెత్తటన్నం తిన్నడు, గండం గడిచిందనుకున్నం. నెల దాటినంక మొదలయింది, తిన్నది తిన్నట్టే కొన్ని గంటలకు వాంతి. కాలిన పుండు మానుకుంట మానుకుంట ఆ ద్వారం కుంచించుకపోయింది. నాలుగు సార్లు బెలూన్ పెట్టి వెడల్పు చేసిండ్రు. ఎనభై కిలోల మనిషి యాభై ఎనిమిదికొచ్చిండు. ఇప్పుడు మంచిగనే ఉన్నడు, కాని ఏ సీసా ఇచ్చిన ముందు మూత తీసి ముక్కు కాడ పెట్టుకుంటడు. పెండ్లిల సీల్ ఉన్న వాటర్ బాటిల్ ఇచ్చినా అంతే. పిల్లలు నవ్వుతరు, నవ్వకండ్రా అని ఎవరం అనలేకపోతం.

చట్టం ఎవల కోసం

2008 డిసెంబర్ల మన వరంగల్ల ఇద్దరు ఇంజనీరింగ్ ఆడపిల్లల మీద యాసిడ్ పోసిన సంగతి మా వయసోళ్ళకు ఇప్పటికి యాదికొస్తే కడుపుల దేవినట్టయితది. ఇసొంటి దాడులు దేశమంతటా జరిగి జరిగి 2013ల చట్టం మారింది, యాసిడ్ దాడికి పదేండ్లకు తక్కువ కాకుండ శిక్ష పెట్టిండ్రు. అదే ఏడు జూలై 18 నాడు సుప్రీంకోర్టు అమ్మకం మీద ఆదేశాలు ఇచ్చింది. కొనేటోని పేరు, అడ్రసు రిజిస్టర్ల రాయాలె, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలె, ఎందుకు కొంటున్నడో అడగాలె, పద్దెనిమిది నిండనోళ్ళకు అమ్మొద్దు, ఉన్న స్టాకు పదిహేను రోజుల్ల అధికారికి చెప్పాలె, లేకుంటే 50,000 రూపాయల దాక జరిమానా.

రావాల్సిన ఆదేశాలే, నేను కాదంటలేను. కాని వాటి చూపంతా కొనేటోని మనసుల ఏమున్నదనే దాని మీదనే ఉన్నది. ఇంట్లకొచ్చినంక అది ఏ సీసాల ఉంటది, ఎవరు ముట్టుకుంటరు, ఎవరు తాగుతరు అనేది అండ్ల లేదు. ఇగ మా సందులకొచ్చే మోపెడాయన రిజిస్టర్ పెట్టుడు దేవునికెరుక. మామ సంగతి అయినంక ఒకరోజు ఆయన్ని ఆపి అడిగిన, అన్నా, లేబుల్ ఎందుకు పెట్టవు అని. ఆయన ఏం దాచుకోలే.

"పెద్ద క్యాన్ మీద అన్ని ఉంటయి సార్, పుర్రె బొమ్మ లెక్క చెయ్యి కాలే బొమ్మ ఉంటది, నంబర్లుంటయి. మేం చింపేస్తం."

"ఎందుకు?"

"లేబుల్ ఉంటే అది యాసిడ్. లైసెన్స్ ఏదంటరు. లేబుల్ లేకుంటే బాత్రూం లిక్విడ్."

నేను ఇంటికొచ్చి చానసేపు దీన్నే ఆలోచించిన. ఆ క్యాన్ లారీల వచ్చేటప్పుడు లారీ మీద యూఎన్ 1789 అని నంబరు, 8వ క్లాసు, అంటే ఇనుమును, తోలును తినేసే పదార్థం అని గుర్తు ఉండాలె. యాక్సిడెంట్ అయితే ఫైరింజనోళ్ళు దూరం నుంచే చూసి అర్థం చేసుకుంటందుకు. గోదాంల క్యాన్ మీద లేబుల్. మోపెడ్ ఎక్కినంక ఆ పేరు పోయింది. గేటు కాడ కూల్‌డ్రింక్ సీసాలకు మారినంక దానికి ఇంకొకరి పేరు వచ్చింది. గోదాంల గ్లౌజులు వేసుకొని ముట్టుకునేటోళ్ళకు పేరుతోని పోతది, వంటింట్ల పిల్లలు తిరిగే కాడికి మారుపేరుతోని వస్తది. నేను బ్లీచింగ్ మీద పోసినప్పుడు గూడ ఆ సీసా మీద "బ్లీచింగ్‌తో కలపరాదు" అని ఒక్క ముక్క ఉంటే? చదివేటోన్నో లేదో, ప్రమాణం చేసి చెప్పలేను. కాని మామ చేతికి దొరికింది వాటర్ బాటిల్ కాకపోయి ఉంటే తాగేటోడు కాదు, ఇది మాత్రం ప్రమాణం చేస్త.

నీలం కిరసనాయిలు

ఇక్కడ మా బాపు ఒక మాట అన్నడు. ఆయన పత్తి రైతు, చదువు మూడో తరగతి. "పురుగుల మందు డబ్బా మీద ఎర్ర గుర్తుంటే నేను దూరం పెడ్త, పచ్చ గుర్తుంటే జర ధైర్యంగ ముట్టుకుంట. నాకు చదువస్తదా?" నిజమే, 1971ల వచ్చిన పురుగుమందుల రూల్స్ ప్రకారం విషం తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులుంటయి. మా బాపు లెక్క పెద్దగ చదువు రానోళ్ళు గూడ రంగు చదువుతరు. అదే బాపు ఇంట్ల యాసిడ్ సీసా మంచినీళ్ళ సీసాల పక్కన ఉండె, ఎందుకంటే దానికి ఏ గుర్తూ లేదు.

రేషన్ కిరసనాయిలు నీలం రంగు యాదికున్నదా? ఆ రంగు మనకోసం వేసింది కాదు, సబ్సిడీ నూనెను బయట అమ్మకుండ, డీజిల్ల కలపకుండ పట్టుకుంటందుకు వేసింది. గ్యాస్ సిలిండర్ల ఉండే గ్యాసుకు సొంతంగ వాసన ఉండదు, లీకయితే తెలియాలని మర్కాప్టాన్ అనే కంపు మందు కలుపుతరు. తాగకుండ స్పిరిట్‌ల చేదు కలుపుతరు. అంటే ఒక పదార్థంతోని నోరు తెరిపిచ్చి "నేను ఫలానా" అని చెప్పిచ్చుడు మనకు వచ్చిన విద్యనే. సబ్సిడీ పైసలు పోతయంటే కిరసనాయిలుకు రంగు వేసినం. నీళ్ళ లెక్క ఉండే యాసిడ్‌కు రంగు వేయాలని ఎవరికీ ఎందుకు తట్టలే?

రంగు నిలవదు, యాసిడ్ల పోతది అని ఒక కెమిస్ట్రీ లెక్చరర్ దోస్తు అన్నడు. అన్ని రంగులు పోవు, కంపెనీ క్లీనర్ నీలంగ లేదా అన్న. ముప్పై శాతంల నిలుస్తదో లేదో చూడాలె అన్నడు, సరే, చూడాల్సిన పనే. చీకట్ల రంగు ఏం కనపడతది అని మా ఇంటామె అడిగింది. మామ తాగింది చీకట్లనే. ఈ ప్రశ్నకు నేను తడబడ్డ. పాత కాలంల ఇంగ్లండు మందుల దుకాణాలల్ల విషం సీసాలను ముదురు నీలంల, ఆరు పలకలతోని, పైన గీతలు గీతలుగ పోతపోసేటోళ్ళు, చీకట్ల చేతికి తగలంగనే ఇది తాగేది కాదని తెలిసేటందుకు. అంటే ఈమె అడిగింది నూరేండ్ల కింద ఎవలో అడిగిండ్రు, జవాబు గూడ కనిపెట్టిండ్రు. మనం ఆ జవాబును పక్కకు పెట్టి, అరచేతికి అందరికన్న అలవాటైన సీసాను ఎంచుకున్నం.

మొత్తం బంద్ పెట్టాలె అనేటోళ్ళు గూడ ఉన్నరు. పెట్టొచ్చు. బంద్ పెడితే ఏమయితదో నాకు మోపెడాయన ముందే చెప్పిండు, ఉన్న ఆ కొంచెం పేరు గూడ పోతది. నేను అడిగేది చిన్నది, తాగే సీసాలల్ల పోసి అమ్ముడు నేరం చేయండి, రంగు, గుర్తు, తెలుగుల రెండు ముక్కలు ఉన్న మందపాటి సీసాలనే అమ్మనియ్యండి, దానికి ఐదు రూపాయలు ఎక్కువైతే కానియ్యండి. అప్పటిదాక మనమన్న ఖాళీ వాటర్ బాటిల్ ఇచ్చి "దీంట్ల పొయ్యన్నా" అనుడు మానుదాం. ఆ సీసా ఇచ్చింది మా పిన్నే, మోపెడాయన కాదు. ఇది రాయాలంటే చెయ్యి వస్తలే, కాని అది నిజం.

వాడక తప్పదంటే

మా బిల్డింగ్ కడిగే అమ్మకు నేను రబ్బర్ గ్లౌజులు కొనిచ్చిన. మరుసటి వారం చూస్తే ఉత్త చేతులే, గోర్ల చుట్టు తోలు లేచి తెల్లగ. గ్లౌజులేవి అమ్మా అంటే, "మస్తు పెద్దగున్నయి బిడ్డా, బ్రష్షు జారుతున్నది. మా కోడలు మిరపకాయ ఏరవోతది, మంట పుడుతదని ఆమెకిచ్చిన." ఏమంటం. చిన్న సైజువి రెండు జతలు తెచ్చిన, ఒకటి ఆమెకు, ఇంకోటి కోడలికే.

ఆమెకు నేను చెప్పింది, నేను పాటిస్తున్నది ఇదే. కిటికీ, తలుపు తెరిచి పెట్టుకోవాలె. కండ్లకు వెల్డింగోళ్ళ తెల్ల అద్దాలన్న పెట్టుకోవాలె, చిట్లేది మొదలు కంట్లనే. ముందు బకెట్ల నీళ్ళు పోసి ఆ నీళ్ళల్ల యాసిడ్ వంచాలె, యాసిడ్ల నీళ్ళు పోయొద్దు, అది చిమ్ముతది. ఇనుప బకెట్ వద్దు. బ్లీచింగ్ వాడిన రోజు యాసిడ్ వాడొద్దు, యాసిడ్ వాడిన రోజు బ్లీచింగ్ వద్దు, నడుమ మస్తు నీళ్ళు కొట్టి కడిగినా నేను ఒక రోజు ఆగుత, భయం పోలే ఇంక. మీద పడితే బట్టలు తీసేసి కుళాయి కింద ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండ నీళ్ళు పోనియ్యాలె, కంట్ల పడితే రెప్పలు తెరిచి పట్టి అంతసేపు కడగాలె. పసుపు, టూత్‌పేస్ట్, సిరా ఏదీ పుయ్యొద్దు. తాగితే వాంతి చేపియ్యొద్దు, సీసా చేతవట్టుకొని 108కి ఫోన్ చేయాలె. ఢిల్లీ ఎయిమ్స్‌ల విషాల సమాచార కేంద్రం ఉన్నది, 1800 116 117, ఫ్రీ నంబర్, దాన్ని గూడ సేవ్ చేసి పెట్టుకున్న.

ఎక్కడ పెట్టాలె అనేది ఎంతకూ తెగలే మా ఇంట్ల. కింద పెడితే పిల్లలకు అందుతది, పైన అటక మీద పెడితే తీసేటప్పుడు జారి మొఖం మీద పడుతది. పైగ మూతల నుంచి ఆవిరి వస్తనే ఉంటది. కిరాణం దుకాణంల యాసిడ్ సీసాలు పెట్టే ఇనుప ర్యాకు ఎప్పుడన్న గమనించండి, మిగితా ర్యాకులు మంచిగుంటయి, అదొక్కటే ఎర్రగ తుప్పు పట్టి పొట్టు రాలుతుంటది. మూత పెట్టిన సీసాల నుంచి వచ్చేదే ఇనుమును అట్ల తింటే, ఇరుకు బాత్రూంల దాన్ని రోజు పీల్చే మనిషి సంగతి ఏంది. ఆఖరికి ఇంట్ల పెట్టుడే బంద్ చేసిన. సున్నపు మరకలకు కిరాణంల దొరికే నిమ్మఉప్పు వేడినీళ్ళల్ల కలిపి పోసి రాత్రంత వదిలేస్తున్న. యాసిడ్ లెక్క బుసబుస పొంగదు, తెల్లారి గట్టిగ రుద్దాలె, మొండి పెచ్చు రెండు మూడు సార్లు చేస్తే గానీ పోదు. దాన్ని గూడ బ్లీచింగ్‌తోని కలపొద్దు, పులుపు ఏదైన ఒకటే కథ. మా ఇంటామెకు ఇంక నమ్మకం కుదరలే, "మెరుస్తలే" అంటది.

మోపెడాయన కోసం నేను ఒక పని చేసిన. జిరాక్స్ సెంటర్ల నలభై స్టిక్కర్లు ప్రింట్ కొట్టిచ్చిన, ఎర్ర రంగుల పుర్రె బొమ్మ, కింద "యాసిడ్. తాగొద్దు. బ్లీచింగ్‌తో కలపొద్దు" అని. ఊకెనే ఇచ్చిన. తీసుకుంటడో లేదో అనుకున్న, నవ్వుకుంట తీసుకున్నడు. ఈ ఆదివారం మళ్ల వచ్చిండు. చూస్తే యాసిడ్ సీసాల మీద ఉన్నయి, ఫినాయిల్ సీసాల మీద ఉన్నయి, గిన్నెలు తోమే లిక్విడ్ మీద ఉన్నయి, ఆఖరికి ఆయన తాగేందుకు హ్యాండిల్‌కు తగిలేసుకున్న నీళ్ళ సీసా మీద గూడ ఒకటి.

"బొమ్మ మంచిగున్నది సార్," అన్నడు. "అన్నిటికి పెట్టిన. ఇంకో యాభై కొట్టిస్తరా?"